వారంలో పెరిగిన రెండు కిలోలు కండ కాదు

కొత్తగా డైట్, వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకు ఎవరో ఒకరు పంపే వాట్సాప్ సందేశం ఒకటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: "మొదటి వారంలో రెండు కిలోలు పెరిగారా? సంతోషించండి, అది కండ. కండ కొవ్వుకంటే బరువు. ఇంకా పెరుగుతుంటే మీరు మరీ తక్కువ తింటున్నట్టు. ఆకలికి భయపడిన శరీరం తిన్నదంతా కొవ్వుగా దాచుకుంటోంది. నీళ్లు తగ్గించి, బాగా చెమట పట్టించండి. ఎన్ని నెలలైనా వెయింగ్ మెషిన్‌ను నమ్మకండి."

బరువు పెరగడం నిజమే, చాలామందికి ఎదురయ్యేదే. సందేశం చెప్పే కారణాలతోనే పేచీ.

"అది కండ."

వారంలో రెండు కిలోల కండ ఎవరికీ రాదు. బరువులెత్తడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తిండి, నిద్ర, సాధన అన్నీ కుదిరినా నెలకు కిలో కండ దాటడం అరుదు. తిండి తగ్గించినవాళ్లకు అదీ కష్టమే. ఏడు రోజులకే కండ వచ్చేస్తే జిమ్‌లలో ఏళ్ల తరబడి చెమటోడుస్తున్నవాళ్లంతా ఏమైనట్టు?

ఇక "కండ కొవ్వుకంటే బరువు" అన్నది సగం మాట. లీటరు కండ సుమారు 1.06 కిలోలు తూగితే, లీటరు కొవ్వు 0.9 కిలో తూగుతుంది. అంటే అంతే బరువుకు కండ కొంచెం తక్కువ చోటు తీసుకుంటుంది. కొవ్వు కరిగి కండ పెరిగిన మనిషికి బరువు మారకపోయినా నడుము సన్నబడేది ఇందుకే. రెండు కిలోలు కొత్తగా ఎక్కడినుంచి వచ్చాయో మాత్రం ఈ వాక్యం చెప్పదు.

పోనీ, కొవ్వేమో అని భయపడేవాళ్ల కోసం ఒక లెక్క. కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. వారంలో రెండు కిలోలు చేరాలంటే ఖర్చయ్యేది పోను రోజూ మరో 2,200 కేలరీలు తినాలి. అది చాలామంది పెద్దవాళ్లు రోజంతా తినే తిండితో సమానం. ఆహారం తగ్గించానని అనుకుంటూ రోజూ ఇద్దరి తిండి తినేవాళ్లుండరు.

మిగిలింది నీరు. పెరిగినదాంట్లో పెద్ద వాటా దానిదే. అలవాటు లేని గుంజీలు తీసిన మర్నాడు మెట్లు ఎక్కడం సరే, దిగడమే నరకం. కిందికి దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును మోయాలి. గుంజీలో కిందికి కూర్చున్నప్పుడు కూడా అది చేసింది అదే పని. అప్పుడు పోగుల్లో అతి చిన్న గాయాలవుతాయి. వాటి మరమ్మతు కోసం అక్కడికి ద్రవం చేరుతుంది. నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది, వాపు ఇంకొన్నాళ్లు ఉంటుంది. తొడలు బిగుసుకున్నట్టు అనిపిస్తే కండ వచ్చేసిందని మురిసిపోతాం. తొలి వారాల్లో ఆ బిగువులో వాపు పాలే ఎక్కువ.

దానికి తోడు, వ్యాయామానికి అలవాటు పడుతున్న కండరం గ్లైకోజెన్‌ను, అంటే తన ఇంధనాన్ని, మునుపటికంటే ఎక్కువగా నిల్వ చేస్తుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ 200 గ్రాములు పెరిగితే మెషిన్ మీద 800 గ్రాములు కనిపిస్తాయి. (పిండిపదార్థాలు దాదాపుగా మానేసినవాళ్లకు ఇదే తిరగబడుతుంది. మొదటి వారంలో వాళ్లు గొప్పగా చెప్పుకునే తగ్గుదలలోనూ ఎక్కువ భాగం ఈ నీరే.) పరుగు, సైక్లింగ్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే రక్తంలోని ద్రవం కూడా పెరుగుతుంది. పీచు ఎక్కువ తింటే పేగుల్లో ఉండే సరుకు పెరుగుతుంది. ఇక స్త్రీలలో నెలసరికి ముందు నీరు చేరడం తెలిసిందే. డైట్ మొదలుపెట్టింది ఆ వారంలోనే అయితే నింద డైట్ మీద పడుతుంది.

ఈ లోపల కొవ్వు కరుగుతూనే ఉండవచ్చు. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారంలో పోయే కొవ్వు సుమారు 450 గ్రాములు. అదే వారంలో 1,200 గ్రాముల నీరు చేరితే మెషిన్ 750 గ్రాములు పెరిగారనే చూపిస్తుంది. చాలామంది డైట్‌ను గాలికొదిలేసేది సరిగ్గా ఇక్కడే.

"తక్కువ తింటే శరీరం తిన్నదంతా కొవ్వుగా దాచుకుంటుంది."

దీన్ని మనుషుల మీదే పరీక్షించి చూశారు. 1944, 1945 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీలే ఇచ్చింది. వాళ్లు వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిచేవారు కూడా. శరీరం చేసే ఖర్చు బాగా పడిపోయింది. సందేశంలో ఉన్న రవ్వంత నిజం అదే. కానీ ఎవరికీ కొవ్వు పెరగలేదు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయి, ఎముకలు తేలాయి. పెరిగినదల్లా నీరు: చాలామందికి చీలమండలు వాచాయి.

మరి "ఏమీ తినకపోయినా తగ్గడం లేదు" అనేవాళ్ల సంగతి? 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం సరిగ్గా అలాంటివాళ్ల మీదే జరిగింది. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని కొలతల్లో తేలింది. వాళ్ల శరీరాలు మామూలుగానే ఖర్చు పెడుతున్నాయి. వాళ్లు అబద్ధాలకోరులని నేను అనను. తిండిని కంటితో అంచనా వేస్తే ఎవరికైనా లెక్క తప్పుతుంది.

"నీళ్లు తగ్గించి చెమట పట్టించండి."

చెమటగా పోయేది నీరు, కొవ్వు కాదు. రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది. ఎండలో దళసరి బట్టలు చుట్టుకుని పరిగెత్తితే వడదెబ్బ మాత్రం గ్యారంటీ కిందే లెక్క. ఇంతకుమించి దీనికి జవాబు అనవసరం.

"ఎన్ని నెలలైనా మెషిన్‌ను నమ్మకండి."

నా దృష్టిలో అసలు హాని చేసే వాక్యం ఇదే. కొత్త వ్యాయామం తెచ్చే నీటి బరువు సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. రెండు నెలల తర్వాత కూడా అంకె పెరుగుతూ, నడుము తగ్గకపోతే అది వాపూ కాదు, కండా కాదు. కంచం వైపు చూడాలి. టేబుల్ స్పూన్ నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది కూడా ఇంచుమించు అంతే. నడిచి వచ్చాక ఆకలికి గుప్పెడు గింజలు ఎక్కువ నమిలితే లెక్క అటు తిరుగుతుంది.

మెషిన్‌ను నమ్మాలి, కాకపోతే ఒక్క రోజు అంకెను కాదు. రోజూ పొద్దున్నే, మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తాగకముందు చూసుకుని వారం సగటును మరో వారం సగటుతో పోల్చాలి. టేపుతో నడుము కొలతా రాసుకోవాలి.

తిండి లెక్క సరిగ్గానే ఉండి బరువు పెరుగుతుంటే వాడే మందుల గురించి డాక్టరును అడగాలి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. అలాగని సొంతంగా మానేయకూడదు. కాలి ఎముక ముందు భాగాన్ని బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట అలాగే నిలిచిపోతోందా? వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదా? రెండు మూడు రోజుల్లోనే బరువు బాగా ఎగబాకిందా? అవి వ్యాయామం తెచ్చిన వాపులు కావు, గుండె, మూత్రపిండాలు చూపించుకోవాల్సిన లక్షణాలు. అలాంటప్పుడు వారం సగటు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.