ఒకే మడుగుకు రెండు బిల్లులు

విషయం: 1869లో పారిస్ శివార్లలో, సెన్ నదిలోని క్రువాసీ దీవి ఒడ్డున జరిగిన చిత్రలేఖన పనులపై ఆడిట్ అభ్యంతరాలు.

స్థలం పేరు లా గ్రెనుయేర్, అంటే కప్పల మడుగు. కట్టేసిన పడవ మీద హోటలు, అద్దె పడవలు, ఈత. పారిస్‌లో రైలెక్కితే ఆదివారం గడిచిపోయేది. ఇక్కడ ఫ్రెంచి చిత్రకారులు మోనే, రెన్వార్ ఈజిళ్లు (బొమ్మ నిలబెట్టే స్టాండ్లు) పక్కపక్కనే వేసుకుని అదే బుల్లి దిబ్బ, దాని మీద అదే చెట్టు, అదే పలక వంతెన గీశారు. దిబ్బ గుండ్రంగా ఉందని జనం దాన్ని కామంబేర్ అనేవారు, అదో జున్ను పేరు. ఒక్క దిబ్బకు ఇద్దరెందుకు? ఒకే గుంతను రెండుసార్లు పూడ్చినట్టు చూపించే విద్య మనకు తెలిసిందే గనక అడగాల్సి వస్తోంది.

కొలతలూ కుదర్లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని మోనే బొమ్మ సుమారు 75×100 సెంటీమీటర్లు, స్టాక్‌హోమ్‌లోని రెన్వార్ బొమ్మ 66×81. మోనే మనుషుల్ని నాలుగు మచ్చల్లో తేల్చేసి రంగంతా నీళ్లలో పోశాడు. రెన్వార్ మాత్రం గౌన్లూ టోపీలూ వదల్లేదు.

అసలు గొడవ ఆ నీళ్లతోనే. నీళ్లన్నాక నునుపుగా పూయాలి కదా? మోనేవి అడ్డగీతలు. ముందువైపు వెడల్పుగా, పోనుపోను సన్నబడి దగ్గర దగ్గరగా. దూరం తెలిసేది అందువల్లేనట. నీలం పక్కన గోధుమ, ఆ పక్కన తెలుపు, ఏదీ కలపలేదు. కలపమని సిఫారసు రాయబోయి ఆగాం. తడి రంగు మీద తడి రంగు వేసి కుంచె మూడోసారి తిప్పితే రెండూ కలిసి బురదవుతాయి, మెరుపు చస్తుంది. అందుకే బల్లపరుపు కుంచె, నిండా రంగు, ఒక్క లాగుడు, గుడ్డకు తుడుపు, మళ్లీ రంగు. లాగిన గీతను తిరిగి ముట్టరాదు. చెయ్యి ఊరుకోని వాళ్లు ఈ పనికి అనర్హులు.

ప్రభుత్వ ప్రదర్శన సాలోన్ ఆ ఏడాది మోనేను తిప్పి పంపింది. ఆ కమిటీకి మా అభినందనలు.

పని అసంపూర్తి అని రాద్దామంటే ముద్దాయి మోనేయే ఒప్పేసుకున్నాడు. సెప్టెంబరులో స్నేహితుడు బజీల్‌కు రాసిన ఉత్తరంలో ఇవి పనికిరాని చిత్తులనీ, అసలు బొమ్మ ఇంకా కలేననీ అన్నాడు. రెన్వార్ కూడా అదే బొమ్మ వేద్దామనుకుంటున్నాడని అందులోనే ఉంది. కుమ్మక్కుకు ఇంతకన్నా లిఖితపూర్వక సాక్ష్యం ఏం కావాలి?

చివరి అభ్యంతరం: కప్పల మడుగని పేరు పెట్టి రెండు బొమ్మల్లోనూ ఒక్క కప్పను చూపలేదు. అయితే అక్కడికొచ్చే చలాకీ అమ్మాయిలను కప్పలు అనేవారనీ, ఆ పేరు వాళ్ల వల్లే వచ్చిందనీ రెన్వార్ కొడుకు రాశాడు. ఆ లెక్కన తండ్రి బొమ్మలో కప్పలకు లోటులేదు. అభ్యంతరం రెన్వార్ వరకు ఉపసంహరించడమైనది.