సవరణ: 78 ఆర్‌పీఎం రికార్డులకు ఎల్‌పీ ముల్లు పనికిరాదు
స్పీడు 78కి (నిమిషానికి 78 చుట్లు) మారిస్తే చాలు, ఆ వేగంతో తిరిగే పాత రికార్డులు ఎల్‌పీ (తర్వాత వచ్చిన సన్నగాడి వినైల్ రికార్డు) ముల్లుతోనే మోగుతాయనీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమనీ ముందటి పోస్టులో రాశాం. రెండూ తప్పే. రెండోది ప్రమాదకరం కూడా: ఆ రికార్డుల్లో ఉన్నది లక్క, ఆల్కహాల్‌లో అది కరిగిపోతుంది. ఇప్పటికే తుడిచినవారికి క్షమాపణలు. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, లేబుల్ తడవకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టండి.

ఇక ముల్లు. ఎల్‌పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. 78 గాడికి 65–75 కావాలి. సన్నముల్లు గాడి గోడలను ఆనుకోదు, అడుగున దొర్లుతుంది. పాటకంటే దుమ్ము, గీతల చప్పుడే ఎక్కువగా వినిపించేది అందుకే. చాలా క్యాట్రిడ్జిలకు (ముల్లును పట్టి ఉంచే భాగం) 78 ముల్లు విడిగా దొరుకుతుంది. ముల్లు రికార్డును నొక్కే బరువు మాత్రం దాని తయారీదారు చెప్పినంతే పెట్టండి.

ఆంప్లిఫయర్‌లో రెండు చానెళ్లనూ ఒకటిగా కలిపే మోనో బటన్ నొక్కండి. దాదాపు అన్ని 78 రికార్డుల గాడిలో ధ్వని పక్కలకే ఊగుతుంది కనుక, నిలువు కదలికతో వచ్చే రొద తగ్గుతుంది. ఫోనో ప్రీఆంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే భాగం) లోని ఆర్‌ఐఏఏ కర్వ్, అంటే రికార్డు ధ్వనిని సరిదిద్దే ప్రామాణిక పద్ధతి, 1954లో స్థిరపడింది, 10 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే ట్రెబుల్‌లో, 13.7 డెసిబెళ్లు తగ్గిస్తుంది. 1930ల నాటి రికార్డుల్లో చాలావాటికి అంత కోత అక్కర్లేదు. గొంతు మూసుకుపోయినట్టుంటే ట్రెబుల్ పెంచండి.