టెర్రకోట పలకలకు యాసిడ్, కొబ్బరి నూనె: వాట్సాప్ సలహాకు జవాబు

తిరుపతి, చిత్తూరు వైపు ఇల్లు కట్టేవాళ్ల ఫోన్లలో ఈ సలహా తెగ తిరుగుతోంది: "టెర్రకోట పలకలను పొడిగానే సిమెంటు పాలు పోసి, సందు లేకుండా అతికించండి. మర్నాడు యాసిడ్‌తో కడిగి కొబ్బరి నూనె పట్టించండి. సీలరు (నీళ్లు, మరకలు పట్టకుండా వేసే పూత) వేస్తే మట్టికి ఊపిరాడదు. ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు." ఇందులో సగం నిజం ఒక్కటే ఉంది. మిగతాది నమ్మితే పలకలు, కూలి డబ్బులు రెండూ పోతాయి.

పొడిగా అతికించడం: మెరుపు పూత లేని మట్టి పలక నీళ్లు తాగుతుంది. పొడిది పెడితే మాలులోని తడినంతా లాగేసుకుంటుంది, సిమెంటు సరిగా గట్టిపడదు. తర్వాత తట్టి చూస్తే కింద డొల్ల మోత. బుడగలు ఆగేదాకా, అంటే అరగంట నుంచి గంట నానబెట్టి, పైతడి ఆరేదాకా నిలువుగా ఆనించాలి. ఒక వంతు సిమెంటుకు ఆరు వంతుల ఇసుక కలిపిన మాలు 20–25 మి.మీ. మందాన పరిచి, పలక వెనక చిక్కటి సిమెంటు ముద్ద రాసి కూర్చోబెట్టాలి. ఉప్పు బోరు నీళ్లు వద్దు. కల్యాణి డ్యామ్ నీళ్లో తెలుగుగంగ నీళ్లో కుళాయిలో వచ్చే వీధుల్లో అవే వాడండి. టైల్ గమ్ముతో వేస్తుంటే మాత్రం నానబెట్టొద్దు, వెనక దుమ్ము తుడిస్తే చాలు.

సందు లేకపోవడం: చేత్తో చేసిన పలకలు ఏ రెండూ ఒక్క కొలతలో ఉండవు. 8 మి.మీ. సందు, గోడ వారన 10 మి.మీ. ఖాళీ వదలండి.

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది యాసిడ్. బాత్రూం యాసిడ్ సందుల్లోని సిమెంటును తినేస్తుంది. ఆ చర్యలో పుట్టిన క్లోరైడ్ ఉప్పు పలక రంధ్రాల్లోకి దిగి, గాలిలో తేమను పీల్చి తడి మచ్చలుగా మళ్లీ తేలుతుంది. అసలు మొదటి వారాల్లో తెల్ల పూత రావడం మామూలే: మాలులోని తడి పైకొస్తూ ఉప్పును మోసుకొస్తుంది. దాన్ని నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో రుద్ది ఎత్తేయండి, రావడం ఆగేదాకా వారానికోసారి. సిమెంటు మరకలు రాకుండా ఉండాలంటే సందులు నింపే ముందే పలకల ముఖానికి చొచ్చుకుపోయే సీలరు పలచగా ఒక పూత వేయాలి. అంచులకు తగలనివ్వొద్దు, తగిలితే సందులు నింపే గ్రౌటు పట్టదు. అయినా సిమెంటు పొర మిగిలితే రెండు వారాలు ఆగి, నేల తడిపి, లీటరు నీటికి 50 గ్రాముల సల్ఫామిక్ యాసిడ్‌తో (ఇది బాత్రూం యాసిడ్ కాదు) రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి.

కొబ్బరి నూనె ఎన్నాళ్లున్నా ఆరి గట్టిపడదు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి నల్లబడుతుంది. గాలికి ఆరి గట్టిపడేది అవిసె నూనె. షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అడగండి. పచ్చి నూనె ఆరడానికి రోజుల తరబడి పడుతుంది. మొదటి పూతకు సమానంగా టర్పెంటైన్ కలిపి రాసి, 20 నిమిషాలకు పీల్చుకోకుండా మిగిలింది తుడిచేయండి. మర్నాడు రెండో పూత. నూనె గుడ్డలను ముద్దగా పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పారేయండి. వాన తగిలే వరండాకు ఈ నూనె పనికిరాదు, బూజు పడుతుంది. అక్కడ చొచ్చుకుపోయే రకం సిలేన్-సిలాక్సేన్ సీలరు వేయండి. ఆత్తంగుడి పలకలకు ఇదంతా వర్తించదు, అవి కాల్చిన మట్టి కాదు, సిమెంటువి.

ఊపిరి మాట సగం నిజం. పైన పొర కట్టే అక్రిలిక్ సీలరు తడిని లోపలే బంధిస్తుంది, తెల్లబడి పెచ్చులూడుతుంది. చొచ్చుకుపోయే రకం ఆవిరిని బయటికి పోనిస్తుంది. సందులు నింపాక చివరి పూతగా ఏది వేసినా ముందు రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి 24 గంటలు ఉంచండి. అడుగున చెమ్మ కనిపిస్తే ఆగాలి. పలకలు వేశాక కనీసం మూడు నాలుగు వారాలు. అక్టోబరు–డిసెంబరు వానల్లో అయితే ఇంకా ఎక్కువ.

జన్మకొకసారి సరిపోయే పూత ఏదీ లేదు. ఏడాదికోసారి, నడక ఎక్కువున్న గుమ్మం దగ్గర నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. అయిదు నిమిషాల్లో పలక ముదురు రంగుకు తిరిగితే అక్కడ ఇంకో పూత వేయాలి.