36వ స్థానం చూసి తేల్చేయకండి

షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ర్యాప్ బృందం పాడిన 'రాపర్స్ డిలైట్' అమెరికా పాటల చార్టు హాట్ 100లో 36వ స్థానం దాటి పైకి రాలేదు కాబట్టి అప్పట్లో ఓ మోస్తరు పాటేనని మీ వ్యాసంలో తేల్చేశారు. ఈ మాట నాకు మింగుడు పడలేదు. 1979లో ఆ రికార్డు ఎలా వచ్చిందో చూడాలి కదా! న్యూజెర్సీలో సిల్వియా రాబిన్సన్ దంపతులు నడిపే చిన్న కంపెనీ. పాటను 12 అంగుళాల రికార్డుగా వదిలారు, నిడివి పధ్నాలుగున్నర నిమిషాలు. ఏ రేడియోవాళ్లు అంతసేపు ఒకే పాట వేస్తారు? చార్టు లెక్కలో రేడియోది పెద్ద వాటా. అమ్మకాలంటారా, షాపువాళ్లు చెప్పిందే లెక్క. బార్‌కోడ్ స్కాన్ చేసి లెక్కకట్టే పద్ధతి హాట్ 100కి 1991లో గానీ రాలేదు. అదే పాట అమెరికాలోనే సోల్ (నల్లజాతి సంగీతం) చార్టులో 4, బ్రిటన్‌లో 3, కెనడాలో ఏకంగా 1. మరి దీన్ని మోస్తరు అంటారా?

వ్యాసంలో అసలు కథే వదిలేశారు. ఆ బృందంలో ఒకడైన, పిజ్జా కొట్టులో పనిచేసిన బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన చరణాల్లో చాలావరకు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే మరో ర్యాపర్‌వి. ఎంత మక్కీకి మక్కీ దించేశాడంటే, కాజ్ తన మారుపేరును అక్షరం అక్షరం పలికి చెప్పుకున్న చోటును కూడా మార్చలేదు! (కనీసం పేరైనా మార్చుకోవద్దా?) బేస్ బాణీ చిక్ బ్యాండ్ పాట 'గుడ్ టైమ్స్'ది. వాళ్లు కోర్టుకెళ్తామని బెదిరించి రచయితలుగా తమ పేర్లు వేయించుకున్నారు. కాజ్ పేరు మాత్రం రికార్డు మీద పడలేదు. రెండో భాగం రాస్తే దాని గురించి రాయండి.