పులిని చూసి వాతలు పెట్టుకోమనే ఫార్వర్డ్

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. 'కాలు విరిగినా గోల్ఫ్ ఆగదు' అని పెద్ద అక్షరాలతో మొదలవుతుంది. కింద వరసగా పాయింట్లు, మధ్యమధ్యలో కండలు తిరిగిన చేతుల బొమ్మలు, చివర్న 'పదిమందికీ పంపండి, ఒక్కరికైనా ధైర్యం వస్తుంది'. పంపేవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఎవరికి పంపుతున్నారో చూస్తున్నారా? వాకర్ పట్టుకుని బాత్‌రూమ్‌దాకా వెళ్లడమే గగనమైపోయిన మనిషికి. ఆయన అది చదివి "అయితే వచ్చే నెల డ్రైవర్ పట్టొచ్చంటావా?" అని నన్నడిగాడు. అందుకే ఈ రాత. (డ్రైవర్ అంటే గోల్ఫ్ కర్రల్లో, అంటే క్లబ్బుల్లో, బంతిని అన్నిటికన్నా దూరం కొట్టేది.)

మొదటి పాయింటు అమెరికా గోల్ఫ్ వీరుడు టైగర్ వుడ్స్. లేకపోతే ఆశ్చర్యపోవాలి. "కాలు నుజ్జయినా పద్నాలుగు నెలల్లో మాస్టర్స్‌లో దిగి మునుపటి టైగర్‌లా ఆడాడు" అట. ముందు సగం నిజం. 2021 ఫిబ్రవరి 23న కారు ప్రమాదంలో కుడికాలి ఎముకలు రెండూ ముక్కలై చర్మం చీల్చుకొచ్చాయి. లోపల రాడ్డు వేశారు, పాదానికీ చీలమండకీ స్క్రూలు, పిన్నులు వేశారు. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంతదాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో, మాస్టర్స్ జరిగే ఆగస్టా మైదానంలో దిగాడు, కట్ (రెండు రౌండ్ల తర్వాత వెనకబడ్డవాళ్లను ఇంటికి పంపే గీత) కూడా దాటాడు. నాలుగు రోజుల స్కోర్లు మాత్రం వరసగా 71, 74, 78, 78 (గోల్ఫ్‌లో అంకె ఎంత తక్కువైతే అంత మంచిది). 47వ స్థానం. బంతి కొట్టడం కాదు, నడవడమే కష్టమని ఆయనే చెప్పాడు. మే నెలలో పీజీఏ చాంపియన్‌షిప్‌లో మూడో రౌండ్ కాగానే తప్పుకున్నాడు. జులైలో సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన ఓపెన్ చాంపియన్‌షిప్‌లో కట్ దాటలేదు. 2023 మాస్టర్స్‌ను మధ్యలో వదిలేసి, అదే నెలలో చీలమండ కింది కీలును కదలకుండా బిగించేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇక ఏడాది పొడవునా టూర్ ఆడలేనని 2021 చివర్లోనే చెప్పేశాడు. ఇవేవీ మెసేజ్‌లో లేవు. అది మొదటి రోజు 71 దగ్గరే ఆగిపోయింది.

ఇంకో సంగతి. వుడ్స్ అన్ని పనులూ మానుకుని కాలు చూసుకున్నాడు, ఎందుకంటే ఆయన పనే అది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న సామెతకు ఇంతకన్నా అక్షరాలా సరిపోయే సందర్భం నాకు తట్టడం లేదు.

"2008లో విరిగిన కాలితోనే యూఎస్ ఓపెన్ గెలిచాడు" అన్నది పక్కనే ఉంది. గెలిచాడు, 91 హోల్స్ ఆడి మరీ. ఆ వెంటనే మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, ఆ ఏడాది మళ్లీ పోటీల్లో కనబడలేదు. చాలు, ముందుకు వెళ్దాం.

"గోల్ఫ్‌లో పనంతా చేతులది, కాలికి బరువే ఉండదు." ఇది రాసినాయన ఎప్పుడైనా క్లబ్ పట్టుకున్నాడా అని నా అనుమానం. కుడిచేతి ఆటగాడు డౌన్‌స్వింగ్ (క్లబ్‌ను పైనుంచి బంతి మీదికి దించడం) మొదలుపెట్టగానే బరువంతా ఎడమకాలి మీదికి వస్తుంది. బంతిని తాకే వేళకి ఆ పాదం నేలను నొక్కే బలం ఒంటి బరువును మించిపోతుంది. పాదం నేలకు అతుక్కుని ఉంటుంది, దాని పైన తుంటి, నడుము గిర్రున తిరుగుతాయి. ఆ మెలి అంతా పడేది మోకాలి మీద, దాని కింది ఎముక మీద. కుడికాలి కష్టం వేరు. చివర్లో మడమ లేచి వేళ్ల మీద నిలబడాలి కాబట్టి అక్కడ బాధపడేది చీలమండ, బొటనవేలు. అంటే ఏ కాలు విరిగిందన్నది అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. వుడ్స్‌ది వెనకకాలు, అంటే లక్ష్యానికి దూరంగా ఉండే కుడికాలు. మీది ముందుకాలైతే ఆయన కథ మీకు సగం కూడా వర్తించదు. ముందుపాదం వేళ్లను లక్ష్యం వైపు కాస్త తిప్పి నిలబడితే మోకాలికి మెలి తగ్గుతుందన్న చిన్న మాట ఆ మెసేజ్‌లో రాసి ఉంటే ఎంతోమందికి పనికొచ్చేది. దాని బదులు ఉదయించే సూర్యుడి బొమ్మ పెట్టారు.

నడక సంగతి కూడా అంతే. పద్దెనిమిది హోల్స్ అంటే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు, అదీ చదునైన రోడ్డు మీద కాదు. ఎక్కేటప్పుడు ఆయాసమే గానీ కాలికి అసలు పరీక్ష దిగేటప్పుడు. బంకర్ అంచు మీంచి ఇసుకలోకి కాలు జారవిడిచే ఆ ఒక్క అడుగు చాలు, మోకాలు ఎంత బలహీనంగా ఉందో తెలియడానికి. లోతు తక్కువున్న వైపు నుంచి దిగండి, రెండడుగులు ఎక్కువ నడిచినా సరే.

ఇప్పుడు అసలు దానికి వద్దాం. "రాడ్డు వేసిన ఎముక మామూలు ఎముక కన్నా గట్టిది. నొప్పి వచ్చినా ఆగకండి, ఎముక అతుక్కుంటోందనడానికి నొప్పే గుర్తు." మెసేజ్ మొత్తంలో నాకు నిజంగా కోపం తెప్పించింది ఈ రెండు వాక్యాలే.

రాడ్డు ఎముకకు బదులు కాదు. ఎముక అతుక్కునేదాకా ముక్కల్ని వరసలో నిలబెట్టి, బరువును కాస్త పంచుకోవడానికి వేసిన ఊత. మోకాలి కింది నుంచి ఎముక గుజ్జు ఉండే గొట్టంలోకి దించి, పైనా కిందా స్క్రూలతో బిగిస్తారు. మీరు వేసే ప్రతి అడుగుకీ అది కంటికి కనబడనంత వంగుతుంది. ఎముక అతుక్కుంటే బరువును ఎముకే తీసుకుంటుంది, రాడ్డుకు విశ్రాంతి. అతుక్కోకపోతే? వంగి వంగి లోహం అలిసిపోతుంది. కొన్ని నెలలకు స్క్రూ విరుగుతుంది, లేదా రాడ్డే విరుగుతుంది. ఎముక ముందు అతుక్కుంటుందా, లోహం ముందు విరుగుతుందా అన్న పందెం అది. మీరు ఆ కాలి మీద డ్రైవర్ తిప్పుతూ లోహమే ముందు విరిగేలా ఆడుతున్నారు. కాలి ఎముక మామూలుగా విరిగినా అతుక్కోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు సులువుగా పడుతుంది. చర్మం చీల్చుకొచ్చినదైతే ఇంకా ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లకు మరింత ఆలస్యం.

ఇక నొప్పి. ఎముక అతుక్కోలేదేమో అని డాక్టర్లు అనుమానించే గుర్తుల్లో ముఖ్యమైనది, బరువు మోపినప్పుడు విరిగినచోటే వచ్చే నొప్పి. మెసేజ్ సరిగ్గా దాన్నే శుభశకునం అంటోంది! తొడకండరాలు పట్టేసి, మర్నాటికో ఎల్లుండికో తగ్గిపోయే నొప్పి వేరు. అది పనిచేసిన ఒంటికి మామూలే. వేలు పెట్టి చూపించగలిగేంత ఒకేచోట, రోజురోజుకీ పెరుగుతూ, పొద్దున లేచేసరికి కాలు వెచ్చగా వాచి ఉంటే ఆట ఆపి డాక్టర్‌కు చూపించాలి. ఈ తేడా చెప్పకుండా 'ఆగకండి' అని రాయడం ధైర్యం చెప్పడం కాదు. రెండో ఆపరేషన్‌కు దారి చూపించడం.

"పిక్క వాస్తే వేడినూనెతో గట్టిగా మర్దన." ఈ పాయింటుకు కాస్త పైన, గోల్ఫ్ చరిత్రలోకెల్లా గొప్ప పునరాగమనం అంటూ బెన్ హోగన్ గురించి రాశారు. 1949 ఫిబ్రవరిలో బస్సు ఢీకొని కటి ఎముక, చీలమండ విరిగాయి, 1950 జూన్‌లో మెరియన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అదంతా నిజం. మరి ఆస్పత్రిలో హోగన్‌ను చావు అంచుదాకా తీసుకెళ్లింది ఏమిటో తెలుసా? విరిగిన ఎముకలు కాదు, రక్తనాళాల్లో కట్టిన గడ్డలు. అవి ఊపిరితిత్తుల్లోకి పోకుండా, కాళ్ల నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిరనే కట్టేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన కాళ్లకు కట్లు చుట్టుకునే ఆడాడు, టోర్నమెంట్లు బాగా తగ్గించుకున్నాడు. మూడు మేజర్లు (గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద టోర్నమెంట్లలో మూడు) గెలిచిన 1953లో ఆడినవి ఆరంటే ఆరు. పెద్ద దెబ్బ తర్వాత ఒక పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పుడితే అది గడ్డ కావచ్చు. పిసికితే అది కదిలిపోవచ్చు. నూనె పక్కన పెట్టి ఆస్పత్రికి పరుగెత్తండి. హోగన్ ఫొటో పెట్టి మరీ ఈ సలహా ఇవ్వడానికి ప్రత్యేకమైన ప్రతిభ కావాలి.

"కార్ట్ (మైదానంలో తిరిగే చిన్న బండి) ఎక్కితే కాలు బద్ధకిస్తుంది." 2021 డిసెంబర్‌లో కొడుకుతో కలిసి ఆడినప్పుడు మీ టైగరే కార్ట్ ఎక్కాడు. తర్వాతి పాయింటు.

"సగం రోగం భయమే. పుట్టర్‌తో (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) మొదలుపెట్టి ఒక్కో క్లబ్బే పెంచుకుంటూ పోండి." దీన్ని కూడా ఉతికేద్దామనే కూర్చున్నాను. కుదరలేదు, ఇది ఒప్పే. ఎక్స్‌రే బాగుంటుంది, ఫిజియో సరేనంటాడు, అయినా బరువు ఆ కాలి మీదికి వెళ్లనివ్వరు. వెనకకాలి మీదే ఉండిపోయి బంతికి ముందు నేలను కొడతారు. ఈ భయం గురించి ఆస్పత్రిలో ఎవరూ మాట్లాడరు. దీనికి పుట్టర్, చిప్పింగ్ (గుంట దగ్గర్లోంచి కొట్టే చిన్న దెబ్బలు), సగం స్వింగ్‌తో వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్), అదీ బంతిని టీ (బంతిని నేల మీంచి కాస్త ఎత్తే చిన్న పుల్ల) మీద పెట్టి, స్వింగ్ అయ్యాక ముందుకాలి మీద ఒక క్షణం నిలబడటం, ఇదే దారి. మర్నాడు పొద్దున కాలు వాయలేదంటే తర్వాతి క్లబ్. ఒక్కటే కలుపుతాను: రాడ్డు వేసినవాళ్లలో చాలామందికి మోకాలి ముందు నొప్పి ఉంటుంది, వంగి కూర్చోలేరు. పుట్టర్ పిడి చివర బిగించే చిన్న రబ్బరు కప్పు దొరుకుతుంది, దాంతో బంతిని గుంటలోంచి నిలబడే తీసుకోవచ్చు.

చివరిది అయస్కాంతం ఉన్న ఇన్‌సోల్స్, 'రక్తప్రసరణ పెంచి ఎముకకు బలం ఇస్తాయి' అట. ఇవ్వవు. ఇన్‌సోలే కొనాలనుంటే ముందు రెండు కాళ్ల పొడవూ కొలిపించుకోండి. అలా విరిగి అతుక్కున్న కాలు ఒక్కోసారి కాస్త పొట్టిగా మిగిలిపోతుంది, నిలబడే తీరంతా మారిపోతుంది. తేడా ఉంటే మడమ కింద పెట్టుకునే మామూలు లిఫ్ట్ చాలు, అయస్కాంతం అక్కర్లేదు.