డీఐసీలో బ్లేడు బయటికి తీస్తే

మధ్యాహ్నం మూడు గంటలు అనుకుందాం. అద్దె ఇంటి మేడ మీద డ్రాప్ ఇన్ సెంటర్, అదే డీఐసీ. ఒక మూల క్యారమ్స్ ఆడుతున్నారు, గోడవారగా చాపల మీద ఇద్దరు నిద్రపోతున్నారు. స్ట్రైకర్ దగ్గర మొదలైన మాట పాత బాకీ మీదికి పోయింది. ఒక కుర్రాడు దవడలో దాచుకున్న సగం బ్లేడు తీసి వేళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఆ గదిలో సిబ్బంది అంటే ఒక్క పీర్ ఎడ్యుకేటరే, అంటే వాళ్లలోంచే వచ్చి తోటివాళ్ల కోసం పనిచేసే మనిషి.

బ్లేడుతో బెదిరించే ముఠాలకి పెట్టిన పేరు 'బ్లేడ్ బ్యాచ్', విజయవాడ, రాజమండ్రి వాళ్లకి కొత్త మాట కాదు. పేపర్లో ఆ పేరు చూసి భయపడతాం, పేజీ తిప్పేస్తాం. డీఐసీకి అలా తిప్పేసే వీల్లేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) హెచ్ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం నడిపించే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ ప్రాజెక్టుల్లో ఇంజెక్షన్‌తో మత్తు తీసుకునేవాళ్లు, సెక్స్ వర్కర్లు వచ్చి స్నానం చేసి, కాసేపు నడుం వాల్చి, టెస్టు చేయించుకుని వెళ్లే చోటు అది. మెట్ల దగ్గర నిలబెట్టి జేబులు తడిమితే వాళ్లు రేపటి నుంచి రారు. పైగా దవడలో బ్లేడుని ఏ తనిఖీ పట్టుకుంటుంది?

ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి బ్లేడంటే రాత్రికి ధైర్యం. చట్టం కూడా ఇక్కడ కాస్త తేడా చూస్తుంది. 2016 ఆయుధ నియమాలు ప్రధానంగా 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తుల్నే ఆయుధాల జాబితాలో పెట్టాయి, ఇంటికీ పొలానికీ వాడేవి మినహాయించి. షేవింగ్ బ్లేడు దానికి అందదు. దాంతో గాయం చేస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్, బెదిరిస్తే 351.

ఆ క్షణంలో మనవాళ్లలో చాలామందికి తోచేది చెయ్యి పట్టుకోవడం. అంతకంటే ప్రమాదం లేదు. ఒక్కరే మాట్లాడాలి, పేరు పెట్టి పిలవాలి, మధ్యలో టేబులో బల్లో ఉండాలి. తలుపుకి అడ్డం నిలబడకూడదు, అతనికి బయటికి దారి ఉండాలి. రెండో మనిషి మిగతావాళ్లని కిందికి తీసుకెళ్లి, 112కి కింది నుంచే చెయ్యాలి. అందుకే ఏ పూటైనా సెంటర్లో ఇద్దరు లేకుండా తలుపు తెరవకూడదంటాను. 'ఇలా ఇయ్' అని చెయ్యి చాపడం కూడా తప్పే. తెగేది ఇచ్చి పుచ్చుకునేటప్పుడే.

వాడిన సిరంజిలు తీసుకుని కొత్తవి ఇచ్చే సెంటర్లలో ఒక సదుపాయం ఎలాగూ ఉంటుంది. వాడిన సూదుల కోసం గుచ్చుకోని తెల్ల డబ్బా, బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెప్పినదే. మాట మెత్తబడ్డాక 'అందులో పడేసి రా, టీ తాగుదాం' అంటే అతని పరువూ పోదు, మన వేళ్లూ తెగవు. కానీ అప్పటికే ఎవరికైనా తగిలి ఉంటే డబ్బా ఊసెత్తొద్దు. అది సాక్ష్యం. ఉన్నచోటే వదిలేసి గదికి తాళం వెయ్యాలి.

దవడలోంచి వచ్చిన బ్లేడు కోస్తే కుట్లతో పని అయిపోదు. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే పెప్ మందులు అవసరమో కాదో హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో చూపించుకోవాలి. మొదలుపెట్టాల్సి వస్తే రెండు గంటల్లోపు మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. కంగారులో ఇదే మర్చిపోతారు.

ఇక 'వాణ్ణి మళ్లీ రానివ్వద్దు' అన్న తీర్పు. కోపం న్యాయమే. అయితే అతను రోజూ సిబ్బంది ఎదుట నాలుక కింద బుప్రెనార్ఫిన్ బిళ్ల, అంటే మత్తు ఇంజెక్షన్‌కి బదులు ఇచ్చే మందు, పెట్టుకునే మనిషైతే, తలుపు మూసిన మర్నాడే మళ్లీ సూది పడతాడు. క్యారమ్ బోర్డు బంద్ చేయండి, కొన్నాళ్లు పైకి రానివ్వకండి. మందు మాత్రం కింద గేటు దగ్గరో, ఇంకో సెంటర్లోనో అందాలి.

ఈ ప్రాజెక్టుల్లో క్రైసిస్ కమిటీ అనేది ఒకటి ఉంది. దాని చూపు ఎక్కువగా బయటికే: పోలీసులు కొట్టారా, రౌడీలు వేధించారా అని. లోపల జరిగే గొడవ కూడా దాని ముందుకు రావాలి. పోలీస్ స్టేషన్ సహకారం కోసం జరిపే అడ్వొకసీ మీటింగులో ఎస్సైతో ముందే మాట్లాడుకోవాలి, ఫోన్ వస్తే ఎంతమంది వస్తారు, పైకి ఎవరు ఎక్కుతారు అని. జీపు నిండా దిగితే గొడవ లేనివాళ్లు కూడా గోడ దూకుతారు.

ఫిర్యాదు రాయాల్సి వస్తే సంతకం ప్రాజెక్ట్ మేనేజర్‌ది ఉండాలి, పీర్ ఎడ్యుకేటర్‌ది కాదు. ఆయన ఇల్లు కూడా చాలాసార్లు ఆ సందులోనే ఉంటుంది. సాయంత్రం తాళం వేసి, ఆ కుర్రాడి ముందు నుంచే నడిచి వెళ్లాలి.