ఫారంలోని 'వృత్తి' గడి గారికి, నల్ల ఇంకుతో

గడి గారూ, నమస్కారం.

తమరికి నేను గుర్తుండను. రోజూ లక్షల మంది వచ్చి తమరి ముందు పెన్ను పట్టుకుని తలగోక్కుంటారు, ఎంతమందినని గుర్తుపెట్టుకుంటారు పాపం. నాకు మాత్రం తమరు పదో తరగతి అప్లికేషన్ నుంచి తెలుసు. అప్పుడు 'తండ్రి వృత్తి' అని ఉండేది. మా నాన్న 'వ్యవసాయం' అని రాయించి ఊరుకున్నాడు. ఆయన కౌలుకి చేసేది ఎకరమున్నర, మిగతా రోజుల్లో ఎడ్లకి లాడాలు కొట్టేవాడు, ఊళ్లోకి హరికథ వాళ్లొస్తే హార్మోనియం పట్టేవాడు, మెట్లు బిగుసుకుపోతే విప్పి బాగుచేసేదీ ఆయనే. అవన్నీ పట్టవని తమరి సైజు చూసే తెలిసిపోయిందనుకుంటా ఆయనకి. నేనే తెలివితక్కువవాణ్ణి, ఇంకా పట్టించాలని చూస్తున్నాను.

ఇప్పుడు తమరు ఆన్‌లైన్‌లో కూడా వెలిశారు. వేలు పెడితే కిందకి జారతారు. ఉద్యోగి, వ్యాపారి, రైతు, గృహిణి, విద్యార్థి, రిటైర్డ్, అన్నిటికన్నా కింద ఇతరములు. పదేళ్లకు పైగా నా కాపురం ఆ ఇతరములులోనే. అద్దె లేదు, అదొక్కటే సుఖం.

తమరి తప్పేం లేదులెండి, పైవాళ్లూ అంతే. కేంద్ర ప్రభుత్వం దగ్గర వృత్తుల జాబితా ఒకటుంది, 2015లో సవరించారు. మూడు వేల పైచిలుకు పనులు, ఒక్కోదానికి 8 అంకెల కోడ్. చూసి మురిసిపోయాను, తీరా చూస్తే నాకు కనీసం నాలుగు కోడ్‌లు కావాలి, తమరేమో ఒక్కటి చాలంటారు. జనాభా లెక్కల వాళ్లదైతే మరీ పొదుపు. సాగుదారు, వ్యవసాయ కూలీ, ఇంటి పరిశ్రమ, ఇతర పని అని నాలుగు దొడ్లు కట్టి ఏదో ఒకదాంట్లోకి తోలేస్తారు. అక్కడా మనం ఇతరే!

సరే, నా లెక్క చెప్తాను, ఎలా రాయాలో తమరే చెప్పండి.

డిగ్రీ చదువుతూ ఫీజు కోసం షాపు బోర్డులు రాశాను. ముందు దారానికి సుద్ద పూసి, రెండు కొసలూ లాగి పట్టుకుని మధ్యలో మీటితే గోడ మీద తెల్లగా గీత పడుతుంది, ఆ గీత మీద అక్షరాలు కూర్చోబెట్టాలి. 'కిరాణా'లో ణా దగ్గర చెయ్యి వణికితే కొట్టాయన డబ్బులు తగ్గించేవాడు. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, ఆ కథ అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఎమ్మార్వో ఆఫీసు బయట వేపచెట్టు కింద అర్జీలు రాశాను. అంటే తమరిని నింపడమే నా వృత్తి! ఒకసారి వితంతు పెన్షన్ కోసం ఓ పెద్దావిడ వచ్చింది. ఏం పని చేస్తావమ్మా అంటే, "పనేముంది బాబూ, ఇంట్లోనే" అంది. ఫారం అయ్యేలోపు మాటల్లో తెలిసింది, ఊళ్లో సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారట, పెళ్లిళ్లకి ముగ్గులు వేసేదీ, ఎవరైనా పోతే శోకం ఎత్తుకునేదీ కూడా ఆవిడేనట. అంతా విన్నాక నేను తమరిలో 'ఏమీ లేదు' అని రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, రాతలో తప్పు లేదు. ఇరవై రూపాయలు తీసుకున్నాను కూడా.

2008లో అంబులెన్సులో చేరాను. 108 మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైంది, బీఎస్సీ చదివినవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి తీసుకునేవారు. ఒక రాత్రి జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు పోతుంటే కామవరపుకోట దాటాక కాన్పుకి తీసుకెళ్తున్న అమ్మాయికి ఇక ఆగలేదు. బండి పక్కకి ఆపించాను. బిడ్డని తుడిచి, తల్లి పొట్ట మీద పడుకోబెట్టి, బొడ్డుతాడుకి రెండు క్లిప్పులు పెట్టి మధ్యలో కోశాను. టైము రాసుకోవాలి, కాగితం ఎక్కడో పడిపోయింది. చేతి గ్లవ్ మీదే రాశాను, 2:40 అని. బోర్డు రాసిన చెయ్యి కదా, ఆ కంగారులో కూడా అంకెలు సమంగానే వచ్చాయి, డ్రైవరు చూసి నవ్వాడు. ఆరేళ్లు చేశాక నడుం మొరాయించింది.

ఇంతలో చుట్టాలు. "ఒక్కచోట నిలకడ లేదురా నీకు" అని మా మేనమామ ఇప్పటికీ అంటాడు, ఆయన ముప్పై నాలుగేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని రిటైరై, ఇప్పుడు పొద్దున లేస్తే ఏం చేయాలో తెలీక మా ఆవిడకి ఫోన్ చేసి కూరేంటని అడుగుతుంటాడు. అదీ నిలకడంటే. లోన్ ఇచ్చే ఆఫీసులో కుర్రాడు కూడా తమరిని వేలితో చూపించి, "సార్, ఇక్కడ ఒకటే చెప్పండి" అన్నాడు. గరికపాటి రాజారావు గారు ఒకపక్క వైద్యం చేస్తూ ప్రజానాట్యమండలిని నడిపించారు. అల్లు రామలింగయ్య గారు హోమియో డాక్టరు, పద్మశ్రీ వచ్చింది నటనకి, రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో కాలేజీకి పెట్టింది ఆయన పేరు. వాళ్లు లోన్‌కి వెళ్లి ఉంటే ఆ కుర్రాడు ఏం చేసేవాడో. అన్నట్టు పెద్దవాళ్లయితే దీన్ని బహుముఖ ప్రజ్ఞ అంటారు, తమరికి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు పొద్దున ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. అంటే లెక్కల మాస్టారు నా పీరియడ్ అడగని రోజు. సాయంత్రాలు చూపులేని పిల్లలకి బొమ్మలు చేస్తాను. గీతల మీద జిగురు రాసి దారం అంటిస్తే ఆరాక వేళ్లకి తగులుతుంది. మొదట్లో ఆవు బొమ్మ ఒకటి చేసి, బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోతూ ఒక పాప చేతికిచ్చాను. కొమ్ముల నుంచి తోక దాకా తడిమింది, మళ్లీ కిందకి వచ్చి లెక్కపెట్టింది.

"సార్, దీనికి మూడే కాళ్లు."

"నాలుగోది వెనకుందమ్మా, కనపడదు."

"కనపడకపోతే తీసేస్తారా?"

ఆ రాత్రి కూర్చుని నాలుగో కాలు అంటించాను. పక్కనుంచి చూస్తే ఆవు కాస్త వంకరగా ఉంది, బొమ్మల డిగ్రీ బీఎఫ్ఏ చేసినవాళ్లెవరైనా చూస్తే నా సర్టిఫికెట్ అడుగుతారు. ఆ పాప మాత్రం మర్నాడు తడిమి, లెక్క సరిపోయిందని చెప్పి, పొదుగేదని అడిగింది.

నెలాఖరుకి చేతిలో మిగిలేది తమరికి చెప్పుకునేంత కాదు, ఆదాయం గడి పక్కనే ఉంటుంది కాబట్టి తమరికి తెలియనిది కాదు. అయినా పొద్దున లేస్తే ఏం చేయాలా అన్న టెన్షన్ మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్‌లో మళ్లీ తమరే, 'తండ్రి వృత్తి', పది గళ్లు. ఏం రాయమంటావు నాన్నా అంది. నువ్వే రాయమన్నాను. బోర్డు, అర్జీ, అంబులెన్సు, ఆవు అని మొదలుపెట్టింది. అంబులెన్సు దగ్గరే గళ్లు అయిపోయాయి, ఆవుని మార్జిన్‌లో రాసింది. కొట్టివేతలుంటే తీసుకోరట, మార్జిన్‌లో రాసినా తీసుకోరట. ఇంకో ఫారం యాభై రూపాయలు.

రేపు పదిన్నరకి కౌంటర్ తెరుస్తారు. ముందు ఇదే ఇచ్చి చూస్తాను. యాభై రూపాయలు జేబులో పెట్టుకునే వెళ్తున్నాను.

ఇట్లు,
ఇతరములు